కొండ దిగువన మిగిలినవారు



మాది గుడివాడ ప్రాంతములో కాలువగట్టున ఉన్న సంఘము. మా ఊరిలో ఎత్తయిన చోటంటే ఆ గట్టు, దాని తరువాత గడ్డివాము. మా పిల్లలలో చాలామందికి పాఠ్యపుస్తకములో తప్ప కొండ తెలియదు. కొండలు చూడాలంటే అరకు వెళ్ళాలి, అది మన వల్ల కాదు అని పెద్దలు అంటుంటారు. అరకు మంచిదే. గాని విజయవాడ చుట్టూ ఉన్నవి కొండలు కావా? 1852లో మొదలై 1855లో ముగిసిన కృష్ణా ఆనకట్టకు రాయి అక్కడి కొండల నుండే తీశారు. ఆ పని చేయించిన ఓర్ దొర పేరునే ఇప్పటి గాంధీ కొండను ఒకప్పుడు ఓర్ కొండ అనేవారు. 1957లో ఆనకట్ట స్థానములో ప్రకాశం బ్యారేజి వచ్చినది. మన చేలకు నీరిచ్చిన కొండలను మనము బస్సు కిటికీలో నుండి చూసి ఊరుకుంటున్నాము.

అందుచేత మూడేండ్ల క్రిందట సంఘ కుటుంబములన్నీ కలిసి కొండపల్లి వెళ్ళాలని తీర్మానించుకున్నాము. సంక్రాంతి దాటినది, మినుము తీతలు ఇంకా మొదలు కాలేదు. జనవరి 26 సెలవు. మనిషికి ఇంత అని బస్సు చార్జీ వసూలు చేశాము. అదే మా మొదటి తప్పు అని అప్పుడు తెలియలేదు. నలుగురైదుగురు పిల్లలున్న కూలి కుటుంబములు, "ఒంట్లో బాగోలేదండి అయ్యగారూ" అని ఆగిపోయినవి. అన్ని ఇండ్లలో ఒకేసారి ఒంట్లో బాగోకపోవడమేమిటని మేము ఆలోచించనైనా లేదు.

రెండవ తప్పు ఇంకా పెద్దది. స్త్రీల సమాజము వారు తెల్లవారుజామున రెండింటికి లేచి కూరగాయలు తరిగారు. గుండిగలు, గరిటెలు, బియ్యము, కోళ్ళు అన్నీ బస్సులో ఎక్కించారు. కొండ క్రింద పొయ్యిలు పెట్టారు. మగవారము, కుర్రవాళ్ళము కోట ఎక్కాము. రెడ్డిరాజుల కాలములో, పదునాలుగవ శతాబ్దములో కట్టిన కోట అది. తరువాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు, చివరకు ఇంగ్లీషువారు దానిని పట్టుకున్నారు. ఆ గోడల నీడలో కూర్చుండి మేము అరగంట వాక్యము చెప్పాము. అంశము, క్రైస్తవ కుటుంబము. కుటుంబములో సగము క్రింద పొగలో ఉన్నది.

తిరుగు ప్రయాణములో, సంఘమంతా అమ్మగారు అని పిలిచే మా భార్య, "పైన ఏం చెప్పారండీ?" అని అడిగినది. చెప్పాము. ఆమె ఏమీ అనలేదు, కిటికీ వైపు తిరిగినది. ఉయ్యూరు దాటేవరకు మాకు మాట రాలేదు.

ఆ వారమంతా మాకు హన్నా గుర్తుకు వచ్చినది. ఎల్కానా ఎఫ్రాయిము మన్యపువాడు. మన్యమంటే కొండసీమయే గదా. ఏటేటా భార్యలను, కుమారులను, కుమార్తెలను వెంటబెట్టుకొని షిలోహుకు వెళ్ళేవాడు. అందరికీ పాళ్ళు పంచేవాడు. ఆ పండుగలో ఒక్కతె తినక ఏడ్చుచున్నది. ఎల్కానా ఆమెను ఓదార్చిన తీరు మాకేమంత నచ్చదు, అయినను ఆమె తినడం లేదని ఆయన చూశాడు. మేము అది కూడా చూడలేదు. వడ్డించినవారు తిన్నారో లేదో అడగకుండానే చేతులు కడుగుకొన్నాము.

మరుసటి ఏడు కొన్ని మార్చుకున్నాము. చార్జీ మనిషికి కాక ఇంటికి ఇంత అని పెట్టాము. లేనివారి భాగము ఉన్నవారు ఇచ్చారు, ఎవరిది ఎవరిచ్చారో కోశాధికారికి తప్ప తెలియదు. ముందురోజు రాత్రి యౌవనస్థులు, సంఘ పెద్దలు కలిసి పులిహోర కలిపి పొట్లాలు కట్టారు. ఉప్పు ఎక్కువైనది. ఎవరూ సణగలేదు, వారి భార్యలు నవ్వారు, అంతే. కోట దాకా బండ్లు పోయే దారి ఉన్నది గనుక ముసలివారికి ఆటోలు మాట్లాడాము. కాలు సరిగా లేని ఒక బాబును మాత్రము మేనమామలు వంతులవారీగా భుజాన ఎక్కించుకొన్నారు. ఆటో వద్దన్నది వాడే.

ఈసారి అమ్మలందరూ పైకి వచ్చారు. పైనుండి ఒకవైపు అడవి, ఒకవైపు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రము పొగగొట్టాలు, దూరముగా కృష్ణా నది. మా సంఘములో దివిసీమ నుండి కోడలిగా వచ్చిన ఒక పెద్దమ్మ ఉన్నది. 1977 నవంబరు 19న సముద్రము దివి మీదకు వచ్చినప్పుడు సుమారు పదివేల మంది పోయారు. ఆమె పుట్టింటివారు వారిలో ఉన్నారు. ఆమె చాలాసేపు నిలబడి చూసి, "అయ్యగారూ, ఇందులో ఇంత ముక్క మా ఊళ్ళో ఉండుంటే చాలేదండీ" అన్నది. ప్రక్కనున్న పిల్లలు ఏమిటి, ఏమిటి అని అడిగారు. ఆమె కూర్చుండి చెప్పసాగినది. మేము సిద్ధపరచుకొన్న వాక్యము సంచిలోనే ఉండిపోయినది.

దిగాక బొమ్మల కాలనీకి వెళ్ళాము. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, అవయవాలు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు వేస్తారు. ఆ చెట్లు కొండపల్లి అడవిలోనివే, ఇప్పుడు తగ్గిపోయినవి. మా పిల్లలు ఎడ్లబండి బొమ్మ చుట్టూ మూగారు. మా ఊరిలో ఇప్పుడు ఎడ్లు లేవు.

మీ సంఘమువారు వెళ్ళదలిస్తే ఒకటి రెండు మాటలు. ఎండ ముదరక ముందే ఎక్కండి, త్రాగే నీళ్ళు మీరే మోసుకెళ్ళండి, అడవిలో నిప్పు వద్దు, కోతులకు పొట్లాలు చూపించవద్దు. బస్సు ఎక్కేటప్పుడు పిల్లలను తలలు లెక్కపెట్టి వ్రాసుకోండి. దిగాక మరల లెక్కపెట్టండి. ఎక్కలేనివారు ఎక్కువగా ఉంటే విజయవాడ స్టేషను దగ్గరి గాంధీ కొండ మేలు. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ గారు ప్రారంభించిన 52 అడుగుల స్తూపము పైన ఉన్నది. పిల్లల రైలు నడుస్తున్నదీ లేనిదీ ముందుగా కనుక్కొని వారికి మాట ఇవ్వండి.

వచ్చే జనవరికి ఉప్పు చూసే పని మాకు అప్పగించారు. దివి పెద్దమ్మ తన పేరు అప్పుడే వ్రాయించుకొన్నది. ఆటో వద్దట.