ఆరోవాడి వేసవి

క్రాస్ కంట్రీ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో సమానార్థకం కోసం నిఘంటువులు తిరగెయ్యవలసిన పనిలేదు. రోడ్డు వదిలి గట్లమీదుగా దగ్గరి దారిన పోయేవాణ్ణి చూసి మనవాళ్ళు "పొలాలకడ్డంపడి పోతున్నాడు" అంటారు. ఈ పరుగూ అంతే. చదును చేసి సున్నపు గీతలు గీసిన మైదానంలో కాక గడ్డి, బురద, గుట్ట, ఏది అడ్డమొస్తే దానిమీదుగా సాగిపోవడం. దీని పుట్టుక ఇంగ్లండు బడుల్లో. పందొమ్మిదో శతాబ్దంలో ష్రూస్‌బరీ, రగ్బీ బడుల్లో ఇద్దరు పిల్లలు "కుందేళ్ళు"గా కాగితపు ముక్కలు వెదజల్లుతూ ముందు పరుగెత్తితే, మిగిలినవాళ్ళు "వేటకుక్కలై" ఆ జాడపట్టుకుని తరిమేవారు. 1857లో వచ్చిన థామస్ హ్యూస్ నవల "టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్"లో ఈ ఆట వర్ణన ఉంది. అది అట్లాంటిక్ దాటి, అమెరికా హైస్కూళ్ళలో ఐదు కిలోమీటర్ల పందెంగా స్థిరపడింది. పందేల ఋతువు ఆగస్టు చివర మొదలై నవంబరులో ముగుస్తుంది. నేను రాయబోయేది మాత్రం దానికి ముందు వచ్చే జూన్, జులై నెలల సంగతి.

అంతకుముందు లెక్క ఎలా కడతారో చెప్పాలి, అది తెలియకపోతే తరవాతి మాటలు అర్థంకావు. ఒక్కో బడి తరఫున ఏడుగురు పరుగెత్తుతారు. వారిలో మొదటి ఐదుగురు వచ్చిన స్థానాలను కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వారిది గెలుపు. ఒక బడి పిల్లలు 1, 2, 3 స్థానాలు కొట్టేసి, నాలుగోవాడు 40, ఐదోవాడు 50లో వచ్చారనుకోండి, మొత్తం 96. మొదటి పదిమందిలో ఒక్కడూ లేని ఇంకో బడి పిల్లలు 12, 15, 17, 20, 22 స్థానాల్లో వచ్చారనుకోండి, మొత్తం 86. గెలిచింది వీళ్ళే! ఇక ఆరు, ఏడో వాళ్ళ అంకెలు కూడికలోకి రావు. కానీ వాళ్ళు అవతలి బడి ఐదోవాడికంటే ముందొస్తే, ఆ ఐదోవాడి అంకె ఆ మేరకు పెరుగుతుంది. రెండు బడుల మొత్తాలూ సమానమైతే ఆరోవాణ్ణి చూసే తేలుస్తారు.

ఇటీవల ఇక్కడి మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. ఆయన కొడుకు ఈ ఆగస్టులో పదకొండో తరగతికి వస్తాడు. కాలేజీ దరఖాస్తులకు అమెరికాలో ఆ ఏడాదే ప్రాణం. కుర్రవాడేమో వేసవి పొడుగునా వారానికి ఐదారు రోజులు, తెల్లవారి ఆరున్నరకల్లా జట్టుతో కలిసి పార్కులో పరుగెత్తాలంటున్నాడు. తండ్రి ఆ వేళలకే ఎస్ఏటీ క్లాసులూ, లెక్కల శిబిరమూ చూసిపెట్టాడు. "ఎంత చేసినా వీడు జట్టులో ఆరోవాడే గదా గురువుగారూ! కూడికలోకే రానివాడికి వేసవంతా ధారపోయడం దేనికి?" అన్నది ఆయన ప్రశ్న. ఫోన్‌లో చెప్పినదానికి తృప్తి కలగక ఇలా రాస్తున్నాను. (మా అమ్మాయి హైస్కూలు నాలుగేళ్ళూ ఈ పరుగే పరుగెత్తింది, కాబట్టి నన్ను పక్షపాతి అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.)

మొదట శరీరం సంగతి. దూరపు పరుగుకు కావలసిన సత్తువ పందేల నెలల్లో పుట్టదు. నెమ్మదిగా, వారాల తరబడి పరుగెత్తితేనే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వృద్ధిచెందుతాయి, నరాలూ ఎముకలూ ఆ బరువుకు అలవాటు పడతాయి. ఈ సూత్రాన్ని ప్రపంచానికి రుజువు చేసినవాడు న్యూజిలాండ్‌కు చెందిన ఆర్థర్ లిడియార్డ్ (1917-2004). చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఈయన ఏ ప్రయోగమైనా ముందు తనమీదే చేసుకునేవాడు. ఆక్లండ్ పక్కనున్న వైటాకెరె కొండల్లో 22 మైళ్ళ దారిన తన శిష్యులను పరుగెత్తించాడు. రెండే చుట్లుండే 800 మీటర్ల పందెగాడి చేత కూడా వారానికి 100 మైళ్ళు పరుగు పెట్టించాడంటే అప్పట్లో నవ్వినవాళ్ళే ఎక్కువ. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో గంట వ్యవధిలో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోనూ, మర్రీ హాల్‌బర్గ్ 5000 మీటర్లలోనూ స్వర్ణాలు గెలిచాక ఆ నవ్వులు ఆగాయి. పదిహేనేళ్ళ పిల్లలకు 100 మైళ్ళు కూడదు, అది వేరే మాట. ముందు పునాది, తరవాతే వేగం అన్న వరస మాత్రం ఇవాళ్టి హైస్కూలు కోచ్‌లందరూ పాటిస్తున్నదే.

ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయమొకటుంది. పునాది పరుగు ఎంత నెమ్మదిగా ఉండాలంటే, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత. ఆయాసంతో మాట ముక్కలైతే వేగం ఎక్కువైనట్టే లెక్క. అంటే శరీరానికి మేలు చేసే వేగమూ, కబుర్లకు అనువైన వేగమూ ఒకటే అన్నమాట. వారానికి ఐదు రోజులు, రోజుకు నలభై, యాభై నిమిషాలు, చేతిలో ఫోన్ లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూసుకోనవసరం లేకుండా పక్కపక్కన సాగే పిల్లలు ఏం మాట్లాడుకుంటారో పెద్దలకు తెలియదు, తెలియనవసరమూ లేదు. తొమ్మిదో తరగతి పిల్ల పన్నెండో తరగతి పిల్లతో సమానంగా మాట్లాడే చోటు ఆ బడిలో ఇంకొకటి ఉంటే నాకు చూపించండి. చాలా రాష్ట్రాల్లో వేసవిలో కోచ్ ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చో నియమాలున్నాయి. అందువల్ల పొద్దున్నే అందరినీ పోగుచేసే పని తరచుగా జట్టు కెప్టెన్లదే. నిద్రలేవని వాడింటికి ఫోన్ చేసేదీ, కొత్తగా వచ్చి వెనకబడిన పిల్ల కోసం ఒకరిద్దరిని ఆగమనేదీ పదిహేడేళ్ళ పిల్లే. ఈ విద్యకు ఏ శిబిరంలోనూ ఫీజు కట్టలేం.

అందుకే ఈ మధ్య "టీం బిల్డింగ్" పేరిట జరిగే తతంగం మీద నాకు గురి లేదు. ఆఫీసుల్లో మనమంతా అనుభవించినదే. కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవడం, వెనకనున్నవాళ్ళు పట్టుకోవడం, తాడుముడులు విప్పడం, ఆనక పిజ్జా. అదే సరంజామాను కొన్ని బడులు పిల్లల నెత్తిన కూడా రుద్దుతున్నాయి. వేసవి చివర కొండల్లో నాలుగు రోజులు డేరాలు వేసుకుని, వంటా గిన్నెల తోముడూ వంతులేసుకుని చేసుకునే శిబిరాలు మంచివే, కాదనను. కానీ జూన్ అంతా ఎవరి ఇంట్లో వాళ్ళుండి ఆగస్టులో నాలుగు రోజుల ఆటలతో జట్టైపోదామంటే కుదరదు.

చికాగో శివారు ఎల్మ్‌హర్స్ట్‌లోని యార్క్ హైస్కూల్లో జో న్యూటన్ అనే కోచ్ యాభై ఏళ్ళకు పైగా పనిచేసి, 2016లో విరమించి, 2017లో కన్నుమూశాడు. ఆయన జట్లు 28 సార్లు ఇల్లినాయ్ రాష్ట్ర విజేతలు. ఆయన గురించి "ద లాంగ్ గ్రీన్ లైన్" అనే డాక్యుమెంటరీ 2008లో వచ్చింది. అక్కడ జట్టంటే పదీ పదిహేనుమంది కాదు, నూరు దాటిన మంద! వచ్చినవాణ్ణెవ్వణ్ణీ కాదనకపోవడం ఈ ఆటలో చాలా బడుల సంప్రదాయం. బాస్కెట్‌బాల్‌కూ దీనికీ ఉన్న పెద్ద తేడా అదే. సాధన ముగిశాక ప్రతి కుర్రవాడూ ఆయనతో చెయ్యి కలిపి పేరు పిలిపించుకునే ఇంటికి వెళ్ళాలి. మొదటివాడైనా, నూటయాభయ్యోవాడైనా. ఆ 28 విజయాలకంటే ఆ కరచాలనమే నన్ను ఎక్కువ ఆకట్టుకుంది.

మెక్‌ఫార్లాండ్ కథ మీలో చాలామందికి 2015లో వచ్చిన సినిమా ద్వారా తెలిసే ఉంటుంది. కాలిఫోర్నియా నడిమి లోయలో కూలిజనం ఊరది. తల్లిదండ్రులతో పాటు పొలాల్లో పనిచేసే మెక్సికన్ కుటుంబాల పిల్లలను జిమ్ వైట్ అనే ఉపాధ్యాయుడు 1980లో జట్టుగా కూర్చి, సైకిలు మీద వెంట వెళుతూ పరుగు నేర్పాడు. 1987 నుంచి 2001 లోపల ఆ బడి తొమ్మిదిసార్లు రాష్ట్ర విజేత. సినిమాలో ఆయన అప్పుడే ఆ ఊరికి దిగినట్టు చూపారు. నిజానికి జట్టు పెట్టేనాటికే ఆయన అక్కడ ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నాడు. ఆ తేడా చిన్నది కాదు. సినిమాకు ఒక్క ఋతువు చాలు, జట్టుకు చాలదు.

వేసవి అన్నాక ఎండ గురించి చెప్పకపోవడం తప్పు. ఒలింపిక్స్‌లో ఒకప్పుడు క్రాస్ కంట్రీ ఉండేది. 1924 జులైలో ప్యారిస్‌లో, నలభై డిగ్రీలు దాటిన ఎండలో 38 మంది బయలుదేరితే గమ్యం చేరినవారు 15 మంది. పావో నూర్మి ఏమీ జరగనట్టు మొదట వచ్చాడు, రిటోలా రెండో స్థానం. జట్టు లెక్కకు మూడోవాడు కావాలి. ఆ మూడోవాడు లీమటైనెన్ సోలిపోతూనే పన్నెండో స్థానంలో గీత దాటాడు, ఫిన్లండ్‌కు జట్టు స్వర్ణం దక్కింది. ఆ ఏడాది తరవాత ఒలింపిక్స్‌లో ఈ పందెమే పెట్టలేదు. దీన్ని వీరగాథగా చెప్పుకునేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది ఆ వేళకు పందెం పెట్టిన పెద్దల బుద్ధితక్కువతనంగానే కనిపిస్తుంది. శరీరం ఎండకు అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దూరం తగ్గించాలి, తెల్లవారగట్లే ముగించాలి. వడదెబ్బ తగిలి మాట తడబడుతున్న పిల్లవాణ్ణి ముందు చన్నీళ్ళ తొట్టిలో ముంచి చల్లబరచాలి, ఆసుపత్రి ప్రయాణం ఆ తరవాత. ఇవి తెలియని కోచ్ దగ్గరికి పిల్లల్ని పంపవద్దు.

ఇంకో దురాచారం మైళ్ళ పద్దు. వేసవిలో 500 మైళ్ళు పూర్తిచేస్తే ఒక చొక్కా అని ఆశపెట్టే బడులున్నాయి. దానికోసం ముంగాలి ఎముక నొప్పెడుతున్నా చెప్పకుండా పరుగెత్తే పిల్లలను చూశాను. ఆడపిల్లల్లో తిండి చాలకా, ఇనుము తగ్గీ నీరసపడేవాళ్ళ సంగతి మరీ ఘోరం, నెలసరి ఆగిపోయినా "సన్నబడింది, వేగం పెరిగింది" అని మెచ్చుకునే పెద్దలుంటారు. చొక్కా ఇవ్వదలిస్తే వచ్చిన రోజులకివ్వండి, మైళ్ళకు వద్దు.

2006 మే నెలలో ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ళ పసివాణ్ణి పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దేశమంతా చప్పట్లు కొట్టింది, తిట్టింది కూడా. వాడి పక్కన ఈడువాడు ఇంకొక్కడు లేడన్నదే నన్ను అప్పుడు కలచివేసింది. మనకు అద్భుతబాలలంటే మోజు. స్పెల్లింగ్ బీకి ఏళ్ళ తరబడి పిల్లలను తయారుచేసే మనవాళ్ళ ఓపికకు చేతులెత్తి దండం పెడతాను, కానీ ఆ వేదికమీద పిల్ల ఒంటరిది. మన ఇళ్ళల్లో "నీకెంత ర్యాంకు?" అన్న ప్రశ్నే తప్ప "మీకెంత?" అన్న ప్రశ్న వినపడదు.

మిత్రుడికి నా జవాబు ఇది. మీ అబ్బాయి లెక్కలోకి రాడన్నది నిజం కాదు. వాడు అవతలి ఐదోవాణ్ణి దాటిన ప్రతిసారీ అవతలివాళ్ళ మొత్తం ఒకటి పెరుగుతుంది. అదీగాక నవంబరుకల్లా జట్టులో ఒకడికి మడమ బెణుకుతుంది, ఒకడికి జ్వరమొస్తుంది. అప్పుడు ఆరోవాడే ఐదోవాడు. పరుగు ఎనిమిదింటికల్లా అయిపోతుంది, ఎస్ఏటీ క్లాసు పదింటికి పెట్టుకోండి. లెక్కల శిబిరం మానేస్తే ఏమవుతుందని అడిగితే, ఏమీ కాదనే నా అభిప్రాయం. అలాగని ఈ పరుగును కూడా కాలేజీ దరఖాస్తులో ఒక పంక్తిగా చూడవద్దు. ఆరోవాడన్న మాట ఆ పంక్తిలో ఎలాగూ మెరవదు.

ఇక జులైలో మూడు వారాల ఇండియా ప్రయాణం. దాన్ని మానమని ఏ కోచ్ అన్నా వినవద్దు, నాయనమ్మ ప్రతి వేసవీ ఎదురుచూస్తూ ఉండదు. వాళ్ళ ఊరు తణుకు దగ్గర. జులైకి కాలవల్లో నీళ్ళుంటాయి, నాట్లు పడుతుంటాయి. గట్టు మీద ఐదున్నరకు బయలుదేరితే ఎండ ముదరకముందే ముప్పావుగంట పరుగు పూర్తవుతుంది. పక్కన ఒక మేనమామ కొడుకునెవరినైనా సైకిలు మీద వెంట తీసుకెళ్ళమనండి. కుక్కల కోసం చేతిలో చిన్న కర్ర ఉండాలి.