ఉప్పెన లెక్కలు, ఓపెన్ సోర్సు, మనమూ

మా వెంగళరావు నగర్ హాస్టళ్ళలో ఏ తలుపు తట్టినా ఒక సివిలో, మెకానికలో దొరుకుతాడు. పొద్దున్నే అమీర్‌పేట వెళ్ళి జావా నేర్చుకుంటుంటాడు. దాన్ని తప్పుపట్టను, పొట్టకూటి సంగతి. కానీ నాలుగేళ్ళు చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్ ఇక దేనికీ పనికిరాదు అనుకోవడం మాత్రం ఒప్పుకోను.

ఉప్పెననే తీసుకోండి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఉప్పెన ఒక్క గాలి పని కాదు. తుఫాను మధ్యలో పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీళ్ళు సుమారు ఒక సెంటీమీటరు లేస్తాయి. గాలి ఆ నీటిని ఒడ్డుకి తోస్తుంది. ఒడ్డు దగ్గర విరిగే అలలు ఇంకాస్త పైకి నెడతాయి. లోతు పెరిగిందా, అలలు మరింత లోపలికొచ్చి విరుగుతాయి. అంటే దీని అవుట్‌పుట్ దానికి ఇన్‌పుట్, దానిది మళ్ళీ దీనికి. విడివిడిగా లెక్కగట్టి చివర్లో కూడేస్తే కుదరదు.

అందుకే నీటిమట్టాన్ని లెక్కించే ఆడ్‌సర్క్‌నీ, అలల్ని లెక్కించే స్వాన్‌నీ జంటగా నడుపుతారు. రెండూ ఒకే త్రిభుజాల వల మీద నడుస్తూ మధ్యమధ్యలో అంకెలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మన ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్ ఉప్పెన హెచ్చరికలకి వాడేది ఈ ఆడ్‌సర్క్‌నే. స్వాన్ నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్ళది, గ్నూ లైసెన్సుతో దొరుకుతుంది.

ఓపెన్ సోర్స్ అనగానే మనవాళ్ళకి "ఊరికే వస్తుంది" అన్నదే ముందు తడుతుంది. నా దృష్టిలో అసలు విషయం డబ్బు కాదు. ఒక ఊరిని ఖాళీ చేయించాలా వద్దా అన్నది ఒక లెక్కని బట్టి ఉన్నప్పుడు, "ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగే వీలుండాలి. మడ అడవి నీటిని ఎంత ఆపుతుందనుకున్నారో, ఏ సమీకరణం వాడారో తెరిచి చూడగలగాలి. తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌తో అది కాదు.

అయితే కోడు తెరిచి ఉంటే చాలదు, డేటా కూడా కావాలి. ఉచితంగా దొరికే జెబ్‌కో ఎత్తు-లోతుల పటంలో ఒక్కో గడి దాదాపు 450 మీటర్లు. అందులో కృష్ణా కరకట్ట కనపడుతుందా? కరకట్ట లేని మోడల్లో నీళ్ళు ఎటు పోతాయో మీరే ఊహించుకోండి.

ఇక్కడే మన అవసరం ఉంది. స్వాన్ ఫోర్ట్రాన్‌లో రాసింది, చిన్న తీరానికైతే ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. టెస్టులు రాయడం, డాక్యుమెంటేషన్ సరిచేయడం, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కరకట్టలూ తుఫాను షెల్టర్లూ గుర్తించడం... వీటికి పీహెచ్‌డీ అక్కర్లేదు, ఆదివారం రెండు గంటలు చాలు. ఒక్క మాట: హెచ్చరికలు ఇవ్వడం మన పని కాదు. ఇంట్లో నడిపిన మోడల్ బొమ్మల్ని వాట్సప్‌లో తిప్పి జనాన్ని భయపెట్టకండి!

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు సెలవుపెట్టి విశాఖ వెళ్ళి బియ్యం పంచినవాళ్ళు మనలో ఉన్నారు. మంచిదే. తుఫాను రాకముందు చేయాల్సిన పని కూడా ఉంది, పైగా అది మనకి వచ్చిన పనే. ఏమంటారు?