'అయినా' అనే మాట వెనక

మా గురించి రాసే పుస్తకాల్లో ఒక చిన్న మాట పదే పదే ఎదురవుతుంది. 'అయినా' అనే మాట. ముస్లిం అయినా తెలుగులో కవిత్వం రాశాడు. నవాబు అయినా తెలుగు కవుల్ని ఆదరించాడు. తురక అయినా మంచివాడు. కవి పరిచయంలో, సాహిత్య చరిత్రలో, సన్మాన సభలో, రైలుపెట్టెలో, ఎక్కడ చూసినా ఇదే. రాసినాయన మమ్మల్ని మెచ్చుకుంటున్నాననే అనుకుంటాడు. చదివే మాకు ఆ మాట దగ్గర కాలికి రాయి తగులుతుంది. తెలుగు ఒకరి సొంతం, మేం దానికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం అనే తీర్పు ముందే అయిపోతే తప్ప ఆ 'అయినా' పుట్టదు. ఆ తీర్పు ఎవరిచ్చారు? ఏ సాక్ష్యం మీద ఇచ్చారు? పండితుడు ప్రతి పద్యానికీ పాఠాంతరం చూపిస్తాడు, ప్రతి శాసనానికీ తేదీ చూపిస్తాడు. ఈ ఒక్క మాటకు ఆధారం చూపించడు. దానికి ఆధారం కావాలని ఆయనకు తోచనే తోచదు.

పరిశోధకుడికి మతం లేదు, కులం లేదు, పక్షం లేదు, ఆధారాలు మాత్రమే ఉంటాయి అని విద్యావంతులు గట్టిగా నమ్ముతారు. మేం రాస్తే 'అస్తిత్వ రచన', వాళ్ళు రాస్తే 'చరిత్ర'. మేం మాట్లాడితే ఆవేశం, వాళ్ళు మాట్లాడితే శాస్త్రం. ఈ పంపకం మేం ఒప్పుకోం. ప్రతి పరిశోధకుడూ ఎక్కడో ఒకచోట నిలబడే చూస్తాడు. అందుకు మాకేం తగాదా లేదు. నిలబడ్డచోటు దాచిపెట్టి, అసలు ఎక్కడా నిలబడనట్టు మాట్లాడడం దగ్గరే తగాదా.

జేమ్స్ మిల్ సంగతి చూడండి. 1817లో భారతదేశ చరిత్ర అచ్చువేశాడు. ఈ దేశంలో ఎప్పుడూ కాలుపెట్టలేదు, ఇక్కడి భాష ఒక్కటీ రాదు. అది లోపం కాదు, నిష్పాక్షికతకు అర్హత అని ముందుమాటలో వాదించాడు కూడా! ఆయనే మన గతాన్ని హిందూ యుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలు చేశాడు. మూడోదానికి క్రైస్తవ యుగమని పేరు పెట్టలేదు గమనించండి. తన వాళ్ళకు దేశం పేరు, మాకు మతం పేరు. తర్వాతి వాళ్ళు ప్రాచీన, మధ్య, ఆధునిక అని బోర్డులు మార్చారు. గోడలు అక్కడే ఉన్నాయి. రెండు వందల ఏళ్ళు దాటినా మా పిల్లలు ఆ గోడల మధ్యే పరీక్షలు రాస్తున్నారు.

మన దక్కనుకే వద్దాం. 1900లో రాబర్ట్ స్యూయెల్ విజయనగరం మీద పుస్తకం రాశాడు. ముస్లింల దండయాత్రకు అడ్డంగా నిలిచిన హిందూ కోట అని ఆయన గీసిన బొమ్మే మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. 1565 యుద్ధం అనగానే పిల్లవాడికి రెండు మతాలు కొట్టుకున్నట్టు కనపడుతుంది. మరి అవే ఆధారాల్లో ఉన్న మిగతా సంగతులో? గోల్కొండ సింహాసనం ఎక్కక ముందు ఇబ్రహీం కుతుబ్‌షా తలదాచుకున్నది విజయనగరంలోనే, ఏడేళ్ళపాటు. ఆయనకు ఆశ్రయమిచ్చిన రామరాయలు అంతకుముందు గోల్కొండ కొలువులో పనిచేసినవాడు. రెండో దేవరాయల ఉద్యోగి అహ్మద్‌ఖాన్ 1439లో హంపీలో మసీదు కట్టించాడు. కట్టింది రాజుగారి పుణ్యం కోసం. శాసనంలో దాని పేరు ధర్మశాల. చూడ్డానికి ఊళ్ళో రాతి మంటపంలాగే ఉంటుంది. విజయనగర రాజులే 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణుడంటే ఎవరో కాదు, సుల్తానే. ఫిలిప్ వాగనర్ అనే పండితుడు 1996లో ఈ బిరుదు మీదా, ఆ కొలువులో తొడిగిన కబాయి, కుళ్ళాయిల మీదా వ్యాసం రాసి, ఆ రాజులు తమ చుట్టూ ఉన్న సుల్తానుల లోకంలో భాగమై బతికారని చూపించాడు. కబాయి అరబ్బీ 'ఖబా'. కుళ్ళాయి సంగతి శ్రీనాథుడి చాటువు తెలిసిన తెలుగువాళ్ళకు మేం చెప్పనక్కర్లేదు. ఇందులో కొత్తగా తవ్వితీసిన రాయి ఎంత? శాసనాలు అవే, బొమ్మలు అవే. అడిగిన ప్రశ్న మారింది.

సాహిత్యం దగ్గరా ఇంతే. సంస్కృతం మాట లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం పొన్నెగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర. అది అంకితం తీసుకున్నది పటాన్‌చెరువు అమీన్‌ఖాన్. ఆయన ప్రభువు ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే ఇచ్చాడు. అచ్చ తెలుగు అనే కోరికకు మొట్టమొదట చేయి చాపినవాడు ఒక ఖాన్ ఎందుకయ్యాడు? ఆ దర్బారులో తెలుగు ఏ హోదాలో ఉండేది? ఇవి పెద్ద ప్రశ్నలు. మన సాహిత్య చరిత్రకారులు వాటికి 'పరమత సహనం' అని ఒక చీటీ అంటించి ముందుకు వెళ్ళిపోయారు. సహనమట! తన ఊరి భాష తాను వినడానికి సహనం ఎందుకు?

ఇక వ్యాకరణం. బడిలో అందరం చదువుకున్నాం: తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం. సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి 'దానితో సమానం' అయ్యాయి. అరబ్బీ, ఫార్సీ నుంచి తెచ్చుకున్నవి 'అన్యం' అయ్యాయి. తెలుగు సంస్కృతం కడుపున పుట్టింది కాదని 1816లోనే ఎల్లిస్ చెప్పాడు. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం రాసి గట్టిపరిచాడు. ఆ లెక్కన తెలుగుకు రెండూ బయటి చుట్టాలే. పైగా సంస్కృతానికి ఫార్సీ దగ్గరి దాయాది. అయినా ఒకరికి పీట, ఒకరికి గుమ్మం బయట నిలుచునే చోటు. తెలుగు కోసం అంత పాటుపడిన బ్రౌన్ కూడా 1854లో ఈ మాటలకు మిశ్రభాషా నిఘంటువని వేరే పుస్తకం వేశాడు. ఆయనకు అదొక సౌకర్యం కావచ్చు. మన పండితులకు అది న్యాయమైపోయింది. కలం పట్టి, కాగితం తీసి, కుర్చీలో కూర్చొని, 'అన్యదేశ్యాల వల్ల తెలుగు చెడిపోయింది' అని రాస్తారు. ఆ వాక్యంలో ఉన్న సరంజామా అంతా ఎక్కడిదో చూసుకోరు. జేబు, బాకీ, వకీలు, ఫిర్యాదు, దస్తావేజు, జిల్లా, తహసీల్దారు. అన్నిటికీ మించి, మట్టిని నమ్ముకున్న తెలుగువాడికి మనం పెట్టుకున్న పేరు 'రైతు'. అది అరబ్బీ మాట. రైతు అన్యదేశ్యుడైతే ఈ నేల మీద దేశ్యుడెవరు?

మద్రాసు మ్యూజియం అధికారి థర్స్టన్ జనాల ముక్కులూ తలలూ కొలిచి, 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. మా దూదేకుల వాళ్ళ గురించి అందులో ఉంది. వాళ్ళ ఆచారాలు ముసల్మానులవీ హిందువులవీ కలగాపులగమని. ఇప్పటికీ సామాజిక శాస్త్రంలో ఇదే నడుస్తోంది, కాకపోతే మర్యాదగా 'సమ్మిశ్రిత సంస్కృతి' అంటున్నారు. అసలు కలగాపులగం అనాలంటే ముందు రెండు శుద్ధమైన వస్తువులు ఎక్కడో ఉండాలి. ఒకటి అగ్రహారంలో, ఇంకొకటి అరబ్బు దేశంలో ఉన్నాయనీ, మా ఇంట్లో పప్పూ బియ్యంలా కలిశాయనీ వాళ్ళ లెక్క. దూది ఏకి, పరుపులు కుట్టి, తెలుగు మాట్లాడుతూ, పీరు ముందు మొక్కే మనిషికి అది ఒకటే బతుకు. పీర్ల పండుగకు గుండం చుట్టూ తిరిగే ఊరికి తాను మిశ్రమమని తెలియదు.

ప్రశ్నాపత్రాలు పట్టుకొని మా వాడలకు వచ్చే వాళ్ళ గురించి కూడా చెప్పాలి. నిజామాబాదు, జగిత్యాల వైపు మా ఆడవాళ్ళు తెల్లారింది మొదలు బీడీలు చుడతారు. వచ్చినామె అడిగేది: మీ ఆయనకు ఎంతమంది భార్యలు? తలాక్ భయం ఉందా? బుర్ఖా ఇష్టంగా వేసుకుంటారా? తునికాకు సరిపడా ఇస్తున్నాడా, బాగోలేవని ఎన్ని కట్టలు తీసేస్తున్నాడు, నడుమునొప్పికి ఏ డాక్టరు దగ్గరకు పోతావు అని అడగదు. పురుషాధిపత్యం మా ఇళ్ళలో లేదని మేం అనడం లేదు. ఉంది, దాంతో మా ఆడవాళ్ళే పోట్లాడుతున్నారు. కానీ ప్రశ్నాపత్రంలో లేనిది సిద్ధాంత గ్రంథంలోకి రాదు. ముస్లిం స్త్రీకి నొప్పి మతం వల్ల తప్ప నడుం వల్ల రాదని తేలిపోతుంది. బహుభార్యాత్వమే తీసుకున్నా, 1961 జనగణన వివరాల్లో హిందువుల్లో, ముస్లింలలో అది ఇంచుమించు సమానమని వచ్చింది. ఆ లెక్కను ఎవరు గుర్తుపెట్టుకున్నారు?

లెక్కలకైనా పక్షం ఉండదంటారు. ఎవర్ని లెక్కపెట్టాలో, ఏ గడిలో వేయాలో నిర్ణయించేది మనుషులే కదా. స్వతంత్రం వచ్చాక షెడ్యూల్డ్ కులాలు, తెగలు తప్ప మిగతా కులాల లెక్క జనగణనలో ఆపేశారు. ముస్లింలంతా ఒకే ముద్ద అయిపోయారు. ఇస్లాంలో కులం లేదు గనక ముస్లింలలో కులం లేదని పండితులు రాశారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కూడా అదే దారిలో పోయింది. షెడ్యూల్డ్ కులాల జాబితా హిందువులకే అంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. పాయిఖానాలు ఎత్తిన మెహతర్‌కు ఇప్పటికీ మూసే ఉంది. సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చేదాకా మా చదువులు, కొలువులు, బ్యాంకు అప్పులు అన్నీ ఒకచోట పెట్టి చూసిన సర్కారు లేదు. అప్పటిదాకా 'బుజ్జగింపు' అనే మాటకు ఎదురు లేకుండా పోయింది. తెలంగాణలో 2024లో ఇంటింటి కులసర్వే చేశారు. 2025లో బయటపెట్టిన అంకెల్లో ముస్లింలు 12.56 శాతం, అందులో వెనకబడిన తరగతుల ముస్లింలే 10.08. అంటే ప్రతి ఐదుగురిలో నలుగురు. ఆ నలుగురూ నిన్న మొన్న పుట్టలేదు. అడిగే గడి నిన్న మొన్న పుట్టింది.

1948 దగ్గర అందరి గొంతూ తడారిపోతుంది. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా సైన్యం నడిచింది. దానికి 'పోలీసు చర్య' అని పేరు. ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం విమోచన దినమే జరుపుతోంది. ఆ తర్వాతి వారాల్లో జరిగిందాన్ని చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం, చచ్చిపోయినవాళ్ళు ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది దాకా ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ మంది ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల వాళ్ళు. ఆ నివేదికను తొక్కిపెట్టారు. 1950లోనే విల్‌ఫ్రెడ్ స్మిత్ విదేశీ పత్రికలో ఈ విషాదం గురించి రాశాడు. నూరానీ పుస్తకంలో నివేదిక అచ్చయింది 2013లో. సాయుధ పోరాటం మీద తెలుగులో అలమర నిండా పుస్తకాలున్నాయి. వాటిని మేమూ గర్వంగా చదువుతాం, బందగీ, మఖ్దూం మావాళ్ళే. మరి ఈ శవాల మీద ఎన్ని పుస్తకాలున్నాయి? 'రజాకార్లు చేసింది మరిచారా' అని వెంటనే అడుగుతారు. మరవలేదు. షోయబుల్లాఖాన్‌ను చంపింది ఎవరో మాకు తెలుసు. ఖాసిం రజ్వీ చేసిన నేరానికి నాందేడు జిల్లాలో పొలం దున్నుకునేవాడు ఎందుకు చావాలి అన్నది మా ప్రశ్న. సెక్యులర్ చరిత్రకారులు నిజాం భూస్వామ్యం కూలిందని రాసి పుట మూసేశారు. మిగిలిన మా గురించి రాయాల్సి వస్తే బిర్యానీ, గజల్, గంగా జమునా తహజీబ్. అభిమానమే, కాదనం. ఆ అభిమానంలో శవాలకు చోటు లేదు.

మా ఉర్దూ పెద్దలకూ ఒక మాట. వాళ్ళు రాసిన హైదరాబాదు చరిత్రల్లో నవాబులున్నారు, జాగీర్దార్లున్నారు, శాయర్లున్నారు. దూదేకుల సాయిబు లేడు, ఫకీరు లేడు, మెహతర్ లేడు. తెలుగు మాట్లాడితే 'మీరు అసలు ముసల్మానులేనా' అని మసీదు మెట్ల మీదే అడుగుతారు. అది కూడా ఒక దృక్పథమే, కోట బురుజు మీద నుంచి చూసింది.

'మరి మీరు రాసేది పక్షపాతం కాదా?' అంటారు. మేం ఎక్కడ నిలబడ్డామో మొదటి వాక్యంలోనే చెప్పి రాస్తున్నాం. మా తేదీ తప్పయితే చూపించండి, మా అంకె తప్పయితే కొట్టేయండి. మా మీద మావాళ్ళే రాయాలని కూడా మేం అనం. సుందర్‌లాల్ ముస్లిం కాదు, వాగనర్ ముస్లిం కాదు. వాళ్ళు వెళ్ళి చూశారు, తమకు ముందే తెలిసిన జవాబు పక్కన పెట్టి అడిగారు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. తెలుగే ఇంటి భాషగా ఉన్న ముస్లిం ఇళ్ళలో అమ్మమ్మలు వాడే మాటలు ఏ నిఘంటువులోనూ పూర్తిగా లేవు. పీర్ల పాటలు ఊరూరా వేరు. 1948లో పదేళ్ళ పిల్లలుగా బావుల పక్క నుంచి పరిగెత్తినవాళ్ళు ఇప్పుడు ఎనభై ఐదు దాటారు. బీదరులో ఉన్నారు, నారాయణఖేడులో ఉన్నారు, హైదరాబాదు పాతబస్తీకి వచ్చి స్థిరపడ్డవాళ్ళున్నారు. చాలామందికి చూపు ఆనడం లేదు, జ్ఞాపకం మాత్రం బాగానే ఉంది. గొంతు రికార్డు చేసుకునే ఫోను ఇవాళ అందరి జేబులో ఉంది. ఈ ఎండాకాలం సెలవుల్లోనే బయల్దేరాలి. ముందు ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళని ఇంతవరకు ఎవరూ అడగలేదు.