కూలివాడికి అన్నం పెట్టే ఇల్లు

తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ 1618 ప్రాంతంలో తైలవర్ణాల్లో గీశాడు. బెల్జియంలోని ఆంట్వెర్ప్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రంలో తండ్రి కౌగిలి కనిపించదు. పెద్ద పశువుల కొట్టం, గుర్రాలు, ఆవులు, పనివాళ్లు కనిపిస్తారు. కుమారుడు కుడివైపు ఓ మూలన, పందుల తొట్టి దగ్గర మోకరించి ఉంటాడు. అక్కడ పశువులకు మేత ఉంది, కూలికి కుదిరిన మనిషికి తిండి లేదు.

లూకా 15:17 చూడండి. ఆ ఆకలిలో అతనికి గుర్తొచ్చింది తండ్రి ఆస్తి కాదు, తండ్రి దగ్గర కూలివాళ్లు సైతం కడుపునిండా తింటారన్న సంగతి. రెండు ఇళ్లకూ తేడా అదే.

ఈ కొలతతోనే పావగడ తాలూకా క్యాతగానచెర్లును చూద్దాం. 2,050 మెగావాట్ల సోలార్ పార్కు విస్తరించిన ఐదు గ్రామాల్లో ఇదొకటి. రైతులు భూములు అమ్ముకోలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చారు. కరువు నేలకు అది మేలే. కానీ ఆ పొలాల్లో కూలి చేసి బతికినవాళ్లకు భూమి లేదు కనుక కౌలూ లేదు. సాగు ఆగడంతో కూలీ పోయింది.

సోలార్ వద్దని కాదు. భూమిలేని కుటుంబాలకు పార్కు ఆదాయంలో వాటా, పనుల్లో మొదటి అవకాశం హక్కుగా దక్కాలి. మన సంఘాలు, యువత ఈ మాట గట్టిగా అడగాలి. కూలివాడు పస్తులుండే చోటును తండ్రి ఇల్లని ఎలా అంటాం?