పార్కు మనదే! మరి కాగితం ఎవరి దగ్గరుంది?



పొద్దున్నే నడకకు వచ్చే పెద్దలూ, సాయంత్రం పిల్లల్ని ఉయ్యాల ఎక్కించే తల్లులూ, మిట్టమధ్యాహ్నం చెట్టు కింద బండి ఆపి డబ్బా విప్పుకునే డెలివరీ తమ్ముళ్లూ! ఈ కరపత్రం మీ అందరికీ.

హైదరాబాద్‌లో లేఅవుట్ వేసి ఇళ్లు కట్టిన ప్రతి కాలనీలో పార్కుకు చోటుండాలి. ఉందా? కొన్నిచోట్ల గేటుంది, లోపల పార్కు లేదు. కొన్నిచోట్ల పార్కుంది, గేటుకు తాళం. ఇంకొన్నిచోట్ల అది పాత లేఅవుట్ ప్లానులో మాత్రమే మిగిలింది.

ఇది ఎవరూ మనకు పెట్టిన దానం కాదు. లేఅవుట్‌కు అనుమతి కావాలంటే కనీసం 10 శాతం స్థలం ఖాళీగా వదలాలి. దాన్ని గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. వదిలిన స్థలం ఖరీదును వెంచరు వేసినవాడు తన జేబులోంచి పెట్టుకోలేదు. ప్లాటు కొన్నప్పుడు గజం ధరలో కలిపి మన దగ్గరే వసూలు చేశాడు. డబ్బు కట్టింది మనం. కాపలా మాత్రం ఎవరూ కాయడం లేదు.

కబ్జా ఎలా మొదలవుతుందో చూడండి

ఎవరో ఇల్లు కడుతూ పార్కు మూలన ఇసుక పోయిస్తారు. అడిగితే "నెల రోజులే సార్" అంటారు. ఇసుక అయిపోతుంది, కంకర దిగుతుంది. సామాను కాపలాకని ఓ రేకుల షెడ్డు లేస్తుంది. షెడ్డుకు కరెంటు మీటరు వస్తుంది. మీటరు చూపించి ఇంటి నంబరు, ఇంటి నంబరు చూపించి పన్ను రసీదు తెచ్చుకుంటారు. ఆ రసీదు పట్టుకుని కోర్టు మెట్లెక్కుతారు. ఇసుక దిగిన రోజున అడగడానికి ఒక్క మనిషి చాలు. స్టే వచ్చాక లాయరు కావాలి, ఏళ్లు కావాలి.

అడిగినవాళ్లు గెలిచారు

బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని 1976లో నర్సింగ్ హోం కట్టుకోమని ఓ ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చేశారు. ముఖ్యమంత్రి స్థాయి నుంచి వచ్చిన ఆదేశం అది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఊరుకోలేదు. హైకోర్టుకు వెళ్లారు. ఒక న్యాయమూర్తి కొట్టేస్తే ధర్మాసనం ముందుకు వెళ్లి గెలిచారు. ట్రస్టు సుప్రీంకోర్టుకు పోయింది. 1991లో సుప్రీంకోర్టు ట్రస్టు అప్పీలును కొట్టేసింది. పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి మళ్లించడం చెల్లదంది. దాన్ని ప్రశ్నించే హక్కు ఆ ప్రాంత నివాసులకు ఉందని కూడా తేల్చింది. "మీకేం సంబంధం?" అని ఎవరైనా అడిగితే ఈ తీర్పు పేరు చెప్పండి: బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ బి.ఎస్. ముద్దప్ప.

మన ఊళ్లోనే 2016లో ఫ్లైఓవర్ల కోసం కేబీఆర్ పార్కు చుట్టూ చెట్లు కొట్టబోతే నగరవాసులు రోడ్డు మీదికొచ్చి చేయీ చేయీ కలిపి నిలబడ్డారు. జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి నరికివేతపై స్టే తెచ్చారు.

హైడ్రా ఉంది కదా, ఇక మనమెందుకు అంటారా? పార్కులు, చెరువులు, నాలాల రక్షణకు 2024లో ఆ సంస్థ వచ్చింది, మంచిదే. కానీ ఫిర్యాదు చేసేవాళ్లుంటేనే ఏ ఆఫీసైనా కదిలేది. చేతిలో కాగితం ఉంటేనే ఫిర్యాదు నిలిచేది.

మనం చేయాల్సిన పనులు

1. ఇంట్లో బీరువా తెరవండి. మీ దస్తావేజులో లేఅవుట్ నంబరు ఉంటుంది. పార్కు పక్క ప్లాటువాళ్ల దస్తావేజులో హద్దుల దగ్గర "తూర్పు: పార్కు" అనో "ఉత్తరం: పార్కు" అనో రాసి ఉంటుంది. ఆ పేజీ జిరాక్సు తీయించండి. రేపు సాక్ష్యం అదే.

2. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే అప్పీలు వేద్దాం.

3. టేపు పట్టి పార్కును నాలుగు వైపులా కొలుద్దాం. ప్లానులోని కొలతలతో సరిచూద్దాం. తేడా వస్తే తేదీ పడేలా ఫొటోలు తీసి, సోమవారం ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకుందాం. నోటిమాట ఫిర్యాదు గాలికి పోతుంది.

4. వంతులు వేసుకుని రోజూ ఒకరు పార్కు చుట్టి రావాలి. వెలగని లైటు, విరిగిన జారుడుబల్ల, ఎండిన మొక్క, కొత్తగా దిగిన ఇసుక... ఏది కనిపిస్తే అది పుస్తకంలో రాయాలి.

ఒక మాట మనలో మనకు

పార్కును కాపాడతామని బయలుదేరిన సంఘాలే కొన్నిచోట్ల దానికి యజమానులై కూర్చున్నాయి. పొద్దున నడక అయిపోగానే తాళం. పనిమనిషి పిల్లలు ఉయ్యాల ఎక్కితే గద్దింపు. పెళ్లికి, ఫంక్షన్‌కు అద్దె. సంఘం ఆఫీసని మూలన ఓ గది. ఇదీ కబ్జాయే. మనం కట్టే బృందంలో ఇవేవీ ఉండవు. సొంతిల్లున్నవారు, అద్దెకున్నవారు, వాచ్‌మన్ కుటుంబం, ఇస్త్రీ బండి అన్న, అందరూ సభ్యులే. చందా లేదు, సన్మానాలు లేవు, శిలాఫలకం మీద పేర్లు లేవు. జనం మసలే పార్కు మీద కబ్జాదారు కన్ను పడదు. కాబట్టి గేటు తెరిచి ఉంచడం కూడా కాపలాయే.

మా డిమాండ్లు

● పార్కు పేరు, విస్తీర్ణం, లేఅవుట్ నంబరు రాసిన బోర్డు గేటు దగ్గర పెట్టాలి.
● సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి, చుట్టూ కంచె వేయాలి.
● మధ్యాహ్నం కూడా గేటు తెరిచి ఉంచాలి. మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏర్పాటు చేయాలి.
● పార్కుకు ఏటా ఎంత ఖర్చు పెట్టారో లెక్క బోర్డు మీద రాయాలి.

ఆదివారం పొద్దున 7 గంటలకు పార్కు గేటు దగ్గరికి రండి. దస్తావేజు జిరాక్సు తెండి. పొడుగు టేపు ఉన్నవాళ్లు టేపు తెండి. పిల్లల్నీ వెంట తీసుకురండి, కొలతలు వాళ్లే రాసుకుంటారు. రాలేనివాళ్లు మీ హద్దుల పేజీ ఫొటో తీసి పక్కింటివాళ్లతో పంపండి.

చదివి పారేయకండి, పక్కింటికి ఇవ్వండి. ఆదివారం తప్పక రండి!

ఇట్లు,
పార్కుకు రోజూ వచ్చే మీ ఇరుగుపొరుగు