గర్భం వాయిదా వేయమన్న సలహా

బ్రెజిల్ ఈశాన్య నగరం రెసీఫేలో 2015 రెండో సగంలో చిన్న తలలతో పుట్టిన శిశువులు వరుసగా ఆసుపత్రులకు రాసాగారు. గర్భంతో ఉండగా ఒంటిమీద దద్దుర్లు, కాస్త జ్వరం వచ్చి పోయాయని తల్లుల్లో కొందరు చెప్పారు. కారణం జికా వైరస్. పగటిపూట కుట్టే ఈడిస్ దోమ తల్లికి అంటిస్తే, ఆ వైరస్ మాయను దాటి, గర్భస్థ శిశువు మెదడులో అప్పుడప్పుడే ఏర్పడుతున్న నాడీకణాలను దెబ్బతీస్తుంది. సోకినవారిలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. తల మామూలుగానే ఉండి పుట్టిన బిడ్డకూ చూపు, ఎదుగుదల లోపాలు తర్వాత బయటపడవచ్చు.

2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అంతకు కొద్ది రోజుల ముందు ఎల్ సాల్వడార్ అధికారులు 2018 దాకా గర్భం దాల్చవద్దని మహిళలకు సలహా ఇచ్చారు. గర్భస్రావం పూర్తిగా నిషిద్ధమైన దేశం అది! దోమను అదుపు చేయలేని సర్కారు ఆడవాళ్ల కడుపుల మీద ఆంక్ష పెట్టిందన్నమాట. బ్రెజిల్‌లో ఎక్కువగా నష్టపోయింది, కుళాయి రోజూ రాక డ్రమ్ముల్లో నీళ్లు పట్టి దాచుకునే బస్తీల పేద తల్లులే. ఆ దోమ గుడ్లు పెట్టేదీ అలాంటి నిల్వ నీళ్లలోనే.

ఇది దూరపు కథ కాదు. 2024లో పుణెలో జికా సోకినవారిలో గర్భిణులున్నారు. గర్భిణులకు జికా పరీక్షలు చేయాలని ఆ జులైలో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆ పరీక్ష జిల్లా ఆసుపత్రిలోనే దొరకాలి. పొగ వదిలి ఫొటో దిగి వెళ్లిపోయే మున్సిపాలిటీలు ముందు కుళాయి సంగతి చూడాలి.