రెండు చెక్కలు - ఒక్క పేరు

దాల్చినచెక్క నెరుగని యిల్లు మనలో అరుదు. పలావులోనుండి కషాయమువరకు దానికి చోటు కలదు. అయినను మన అంగళ్లలో ఆ పేరున అమ్ముడగుచున్నది ఒక చెక్క కాదు, రెండు. ఒకటి సింహళమునను మలబారునను పెరుగు అసలైన దాల్చిన. రెండవది చీనా, వియత్నాము, ఇండోనీషియాలనుండి వచ్చు చౌకరకము, కాసియా. రెండును ఒకే జాతి వృక్షములే. గుణములు మాత్రము ఒకటి కావు.

అసలు చెక్క విలువ చరిత్రకు దెలియును. ముఖ్యముగా దానికొరకే 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు సింహళతీరమున కోటలు గట్టిరి. 1658 నాటికి డచ్చివారు వారిని వెడలగొట్టిరి. 1796లో ఆంగ్లేయులు డచ్చివారిని తొలగించిరి. మన వైద్యులు ఈ చెక్కను త్వక్కని వ్యవహరించిరి. సితోపలాదిచూర్ణమున పటికబెల్లము 16 పాళ్లుండగా త్వక్కు ఒక్క పాలే. మోతాదెరిగి వాడిన పెద్దల వివేకము ఇందు గానవచ్చుచున్నది.

నేడు ఆ వివేకము సన్నగిల్లుచున్నది. మధుమేహము తగ్గునను ఆశతో పలువురు వైద్యుని యడుగకయే దినదినము చెంచాలకొలది పొడి మ్రింగుచున్నారు. కాసియాలో కౌమరిన్ అను పదార్థము అధికము. అసలు దాల్చినలో అత్యల్పము. అది మితిమీరినచో కొందరి కాలేయమునకు హాని చేయును. శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.1 మిల్లీగ్రామును మించరాదని ఐరోపా ఆహారభద్రతాసంస్థ 2004లో నిర్ణయించినది. 60 కిలోల మనుష్యునకు సుమారు 2 గ్రాముల కాసియాపొడితోనే ఆ మితి నిండునని జర్మనీ శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

2011 నాటి మన ఆహారప్రమాణముల నిబంధనలు ఈ రెంటిని వేర్వేరుగా నిర్వచించినవి. చట్టము చెప్పిన భేదమును వర్తకుడు దాచుట న్యాయమా? కాసియా అమ్ముట తప్పు కాదు. దానిని దాల్చినయని చెప్పి అమ్ముట మోసము. అధికారులు పొట్లముల పైపేరును గాక లోపలి సరకును పరీక్షింపవలెను. మలబారు రైతు పండించు మేలిచెక్కకు తగిన ధర లభించుటకును ఇదియే మార్గము.

కొనువారికిని కర్తవ్యము కలదు. పలుచని పొరలు పెక్కు చుట్టవలె చుట్టుకొని, వ్రేళ్లనడుమ సులభముగా నలుగునది దాల్చిన. మందమైన ఒంటిపొరతో గట్టిగా నుండునది కాసియా. పొడియైన పిమ్మట ఈ గుర్తు నశించును. కావున చెక్కగా కొని యింట దంచుకొనుడు. ఏ చెక్కయో అంగడివానిని నిలదీసి యడుగుడు. అడుగువారు లేనంతకాలము చెప్పువారుండరు.